ఒంటిముక్క పైపు

మా అన్నయ్యని ఊరంతా ఒంటిముక్క అంటుంది. అది వెక్కిరింపు కాదు, మర్యాదే. వీధిలో మీటరు దగ్గర మట్టిలోకి దిగిన ప్లాస్టిక్ పైపు ఇంట్లో గోడ పక్కన మళ్లీ పైకి తేలేదాకా ఒకే ముక్కగా ఉండాలని అన్నయ్య పట్టుదల. మధ్యలో అతుకు ఉండకూడదు. "పైన ఎన్ని అతుకులైనా పెట్టుకో, కారితే కంటికి కనపడుతుంది. మట్టి కింద కారితే ఎవడు చూడొచ్చాడు?" అంటాడు. చుట్టలో పైపు కాస్త తగ్గేలా ఉందంటే పని ఆపేసి, ఇంకో పెద్ద చుట్ట వచ్చేదాకా ఇంటివాళ్లని కూర్చోబెట్టేవాడు. అతుకులు వేసేవాళ్లంటే చులకన. పక్క వీధి ప్లంబరు ఎప్పుడు చూసినా జిగురు డబ్బా పట్టుకుని తిరుగుతాడని అతనికి జిగురు డబ్బా అని పేరు పెట్టింది అన్నయ్యే. పాపం, ఆ పేరు కూడా ఊరంతా పాకింది.

మా ఇంటి పైపు వేసింది అన్నయ్యే. ఇల్లు కట్టినప్పుడు ఇంకెవరినీ గుమ్మం తొక్కనివ్వలేదు. "నా చెల్లెలింటికి ఇంకొకడు పైపు వేస్తే నేను ఈ పని మానేసి కూరగాయలమ్ముకోవాలి" అన్నాడు. అంచు పొడుగునా నీలం చార ఉన్న మంచి పైపు చుట్ట తెమ్మంటే మా ఆయన తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నేను బట్టల కొలతలకని ఎక్కడికో వెళ్లి వచ్చేసరికి కాలవ పూడ్చేసి, నేల చదును చేసేసి ఉంది. కుళాయి తిప్పితే నీళ్లు బకెట్ అడుగున దబదబా పడ్డాయి. అప్పుడు నేను అన్నయ్యని పొగిడిన పొగడ్తలు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అన్నయ్య మా ఇంటికి వచ్చేటప్పుడు పిలవడు, వెళ్లేటప్పుడు చెప్పడు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్లిపోతాడు. "సొంతింటి నుంచి ఎవడైనా చెప్పి వెళ్తాడా?" అంటాడు. పనిముట్ల సంచి కూడా సగం రోజులు మా ఇంట్లోనే, నా కుట్టుమిషను పక్కనే పడుండేది. అది చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది.

ముందు గది నా కుట్టుగది. మెట్టెక్కి గుమ్మం దాటితే ఎడమ పక్క మిషను, గోడవారగా గుడ్డల మూటలు, మధ్యలో నా కటింగు బల్ల. బడిపిల్లల యూనిఫాంలు, కర్టెన్లు, దిండు గలేబులు, ఏదొచ్చినా కుడతాను. పైపు మీటరు దగ్గర బయలుదేరి, వాకిలి దాటి, మెట్టు కిందుగా ఈ గది నేల కిందకి దూరి, వెనక వంటింట్లో పైకి లేస్తుంది. అందుకే లీకు మొదలైనప్పుడు ముందు తెలిసింది నా కాళ్లకే. చెప్పులు లేకుండా మిషను తొక్కుతుంటే నేల చల్లగా తగిలింది. తర్వాత గోడవార మూట అడుగున తెల్లగుడ్డ మీద నల్లటి చుక్కలు కనపడ్డాయి. కత్తెరకి తుప్పు పట్టింది. బల్ల కాలు ఒకటి ఉబ్బి, గీత గీస్తే సుద్ద పక్కకి పోవడం మొదలుపెట్టింది.

మా ఆయన బస్సు డ్రైవరు. ఏ చక్రం ఎందుకు తిరుగుతుందో తెలిస్తే గాని నిద్రపట్టని మనిషి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి వెళ్లి మీటరు మూత తీసి చూశారు. లోపల చిన్న ఎర్ర చక్రం గిరగిరా తిరుగుతోంది.

"మన నీళ్లు మనకి చెప్పకుండా ఎక్కడికో షికారు పోతున్నాయి," అన్నారు.

"అన్నయ్యకి చెప్తా. చిటికెలో పట్టేస్తాడు," అన్నాను.

అదే సమయానికి మా ఆడపడుచుకి ఆపరేషనంటే ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. తాళాలు అన్నయ్య చేతిలో పెట్టి వెళ్లాం. సాయంత్రం వచ్చేసరికి అన్నయ్య మెట్టు మీద కూర్చుని, తనే పెట్టుకున్న టీ తాగుతున్నాడు. మెట్టు కడిగి శుభ్రంగా ఉంది.

"మీటరు దగ్గర నట్టు వదులైంది. బిగించేశా, అంతే," అన్నాడు.

"మెట్టెవరు కడిగారు?"

"నేనే. మట్టికాళ్లతో తిరిగానుగా."

పుట్టి బుద్ధెరిగాక తను తిన్న కంచం కూడా తియ్యని మనిషి మా అన్నయ్య. అలాంటివాడు నా మెట్టు కడిగాడని కరిగిపోయాను. బలవంతంగా కూర్చోబెట్టి భోజనం పెట్టి, వదినకి కూడా కట్టి పంపాను. "చూశారా?" అన్నట్టు మా ఆయన వైపు చూశాను కూడా. మా ఆయన మీటరు దగ్గరికెళ్లి వచ్చి, "చక్రం బాగా నెమ్మదించింది," అన్నారు. ఆగిందని మాత్రం అనలేదు.

కొన్నాళ్లకి నేల మళ్లీ చెమ్మగిల్లింది. ఈసారి అన్నయ్య చువ్వ తీశాడు. లీకు వెతకడానికి అన్నయ్యకి పొడవాటి ఇనుప చువ్వ ఒకటి ఉంది. దాని ఒక కొన నేలకి ఆనించి, రెండో కొన చెవికి ఆనించుకుని వింటాడు. స్నానాలగదిలో విని, "ఇక్కడే," అన్నాడు. గోడ పలకలు పగలగొట్టాడు. లోపల పైపులన్నీ పొడిగా ఉన్నాయి. తర్వాత వంటింట్లో విని, "ఇది పక్కా," అన్నాడు. తొట్టి కింద అంతా విప్పాడు. అక్కడా ఏమీ లేదు. ఇల్లంతా దుమ్ము, పెంకులు. నా గదిలో గుమ్మం పక్కన నేల కిందికి కుంగింది. కిటికీ మూల నుంచి గోడకి వెంట్రుకలాంటి పగులు బయలుదేరి, చూస్తుండగానే వేలు దూరేంత అయింది. బడి వాళ్ల యూనిఫాం గుడ్డ ఒక మూట మొత్తం పాడైతే, వాళ్లకేం చెప్పాలో తెలియక ఆ రోజంతా ఫోను ఎత్తలేదు.

"ఇంకొకర్ని పిలుద్దాం," అన్నారు మా ఆయన. "ఆ జిగురు డబ్బా అయినా సరే. ఈ గది కూలిపోయేలా ఉంది."

నాకు ముక్కు మీద కోపం. ఒక్కసారిగా లేచాను. "మా అన్నయ్య వేసిన పైపు మీద జిగురు డబ్బా చెయ్యి పడితే, రేపు మా అన్నయ్య ఊళ్లో తలెత్తుకు తిరగ్గలడా? గది కూలితే కూలనివ్వండి!"

నా బతుకుతెరువే ఆ గది. అలాంటి గదిని అన్నయ్య మాట మీద పణంగా పెట్టాను. వెనకేసుకురావడమంటే అలా వెనకేసుకొచ్చాను.

మళ్లీ వచ్చినప్పుడు అన్నయ్య వాకిట్లో దండెం గుంజ దగ్గర ఆగాడు. బట్టలారేసుకోవడానికి మా ఆయన పాతిన గుంజ అది. దాని మొదట్లో చువ్వ ఆనించి, చెవి పెట్టి, తల పంకించాడు.

"బావా, ఈ గుంజ పాతింది నువ్వేగా?"

"నేనే. ఏం?"

"ఇంకేముంది. గునపం పోటు పైపుకి పడింది. పడి ఎన్నాళ్లైందో, చీరుకుంటూ లోపలిదాకా పోయుంటుంది. ఇప్పుడు తవ్వి లాభం లేదు, తవ్వితే ఇంకా పాడవుతుంది. చుట్ట తెప్పించి కొత్త పైపు గోడ మీంచి పైపైన వేసేస్తా. పాతదాన్ని మట్టిలోనే వదిలేద్దాం."

"పైపు ఎటు పోతుందో నాకు తెలుసు బావా. దానికి ఎడంగానే పాతాను."

అన్నయ్య నవ్వాడు. నన్ను చూసి నవ్వాడు. "బస్సు నడిపేవాళ్లు కూడా పైపు ఎటు పోతుందో చెప్తుంటే ఇంక మేమెందుకు చెల్లీ?"

నాకు నోరు ఆగలేదు. దండెం మీద బట్టలు తీసుకుంటున్న పక్కింటి టీచరమ్మ గోడవతల నుంచి చూస్తోందని కూడా చూసుకోలేదు. నా గదిని మీ చేత్తో మీరే కూల్చారన్నాను. చేతకాని పనులు ఎందుకు పెట్టుకుంటారన్నాను. తప్పు చేసి, మా అన్నయ్య పనికి వంకలు పెడతారా అన్నాను. మా ఆయన నన్ను కాదు, అన్నయ్యని చూస్తూ నిలబడ్డారు. అన్నయ్య వంగి, సంచిలో ఏదో వెతుక్కున్నాడు.

ఆ రోజు నుంచి మా ఆయన ఇంట్లో మాట్లాడటం మానేశారు. బస్సులో ఎక్కినవాళ్ల కబుర్లన్నీ మోసుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి. ఇప్పుడు పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, వెళ్లి పడుకుంటున్నారు. నేనూ బింకంగానే ఉన్నాను. తప్పు చేసినవాళ్లకి అలకెందుకని నాలో నేను గొణుక్కున్నాను.

అన్నయ్య చెప్పిన చుట్ట ఇవాళా రేపూ అంటూనే ఉంది.

మా ఆయనకి సెలవు వచ్చిన రోజు పొద్దున్నే వాకిట్లో పార చప్పుడైతే బయటికొచ్చాను. గుంజ చుట్టూ మోకాలి లోతు తవ్వి నిలబడున్నారు. గుంటలో నల్లటి పైపు, దాని మీద నీలం చార. గుంజకి బాగా ఎడంగా ఉంది. గీత కూడా పడలేదు. చుట్టూ మట్టి పొడిగా ఉంది.

"చూడు," అన్నారు. అంతే. అన్నాళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

వెంటనే అన్నయ్యకి ఫోను చేశాను. "అన్నయ్యా, గుంజ దగ్గర పైపు బాగానే ఉంది. పోటేమీ పడలేదు."

అటు నుంచి కేకలు మొదలయ్యాయి. "తవ్వారా? ఎవడు తవ్వమన్నాడు? నేను చెప్పానా లేదా? ఇంక ఒక్క పార వేసినా నాకు ఒళ్లు మండుతుంది చెప్తున్నా. వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!"

ఫోను పెట్టేసి అలాగే నిలబడిపోయాను. అన్నయ్యకి లీకు దొరకడం లేదంటే అదో పంతం. తిండి కూడా మర్చిపోయి వెతుకుతాడు. "గుంజ దగ్గర కాదా? మరెక్కడ? ఉండు వస్తున్నా," అనాలి. అది మా అన్నయ్య. తవ్వినందుకు తిట్టే అన్నయ్యని నేనెప్పుడూ చూడలేదు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదని, భయమని నాకు అప్పుడు తెలిసింది.

సంచి కుట్టుమిషను పక్కనే ఉంది. చువ్వ తీశాను.

చిన్నప్పుడు అన్నయ్య పని నేర్చుకునే రోజుల్లో వాడికి క్యారియరు నేనే పట్టుకెళ్లేదాన్ని. తిన్నాక చువ్వ నా చెవికి ఆనించి వినిపించేవాడు. నీళ్లు ఊరికే పోతుంటే ఏ చప్పుడుంటుందో, కన్నంలోంచి చిమ్ముతుంటే ఏ చప్పుడుంటుందో చెప్పేవాడు. మీటరు దగ్గర మొదలుపెట్టాలి, పైపు వెంటే నడవాలి, అడుగడుక్కీ ఆగి వినాలి. "ఒక్క చోటు వదిలేశావంటే లీకు సరిగ్గా అక్కడే దాక్కుంటుంది చెల్లీ" అనేవాడు. ఆ పాఠం నాకు బాగా గుర్తుంది.

మీటరు దగ్గర మొదలుపెట్టాను. వాకిలంతా ఆగుతూ విన్నాను. మా ఆయన పార పక్కన పెట్టి చూస్తున్నారు. మెట్టు దగ్గరికొచ్చి, రాతిపలక మీద చువ్వ పెట్టి చెవి ఆనించాను. కుక్కరు కూత పెట్టబోయే ముందు వచ్చే బుస లాంటిది గట్టిగా, ఆగకుండా వినపడింది.

చువ్వ పట్టుకుని ఆ మెట్టు ముందే చతికిలపడ్డాను. అన్నయ్య ఎన్నిసార్లు వచ్చాడు! ఎక్కడెక్కడ చువ్వ పెట్టాడు! స్నానాలగదిలో పెట్టాడు, వంటింట్లో పెట్టాడు, గుంజ మొదట్లో పెట్టాడు. మెట్టు మీద మాత్రం ఒక్కసారి కూడా పెట్టలేదు. మెట్టు మీద కూర్చుని టీ తాగాడు.

"ఏవండీ, ఈ పలక లేపండి," అన్నాను.

గునపం పెట్టి లేపాల్సిన పని కూడా పడలేదు. పలక కింద సిమెంటు లేదు. ఎవరో ఒకసారి తీసి, ఇటుకలు మళ్లీ మట్టితో పేర్చి, పైన పలక సర్ది ఉంచారు. ఇటుకలు తీస్తుంటేనే బురదనీళ్లు ఉబికొచ్చాయి. మా ఆయన వెళ్లి మీటరు దగ్గర నీళ్లు కట్టేసి వచ్చారు. చేతులతో బురద తోడాను.

ముందు చేతికి తగిలింది గుడ్డ. పైపు చుట్టూ కట్టు కట్టినట్టు గట్టిగా చుట్టి, తీగతో బిగించిన గుడ్డ. చెంబుడు నీళ్లు పోశాను. బురద జారిపోయి రంగు తేలింది. ఊదారంగు.

మా ఆయన వంగి చూసి, "ఇది నీ గుడ్డ కదూ?" అన్నారు.

నా గుడ్డే. బడి హాలుకి కుట్టిన కర్టెన్ల గుడ్డ. అంచు మీద నేను సుద్దతో కాక నీలం దారంతో పెట్టుకున్న గుర్తు కూడా అలాగే ఉంది. మా ఆడపడుచు ఆపరేషనుకి రెండు రోజుల ముందే ఆ కర్టెన్లు కుట్టాను. కత్తిరింపులన్నీ మిషను కింద సంచిలో వేశాను. ఇల్లు కట్టినప్పుడు ఆ గుడ్డ ఈ భూమ్మీదే లేదు.

తీగ తెంచి గుడ్డ విప్పాను. కింద సైకిలు ట్యూబు ముక్క. దాని కింద అతుకు. అటు పక్క నీలం చార పైపు. ఇటు పక్క, నా గది కిందకి పోయే పైపు మీద చారే లేదు. పల్చటి పైపు, తోటల్లో మొక్కలకి పెట్టేది. వేళ్లతో నొక్కితే లోపలికి పోతోంది. రెండింటి లావూ ఒకటి కాదు. ఒకదాని మూతిలో ఒకటి కుక్కి, ట్యూబు చుట్టి, మట్టి కప్పి, పైన నా చేత మెట్టు కట్టించాడు ఒంటిముక్క.

తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే అందరూ అంటుంటే వినడమే. నా గుడ్డతోనే, నా ఇంట్లోనే, నా అన్నే చేస్తాడని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు మేం ఆస్పత్రిలో ఉంటే వాడు మెట్టు తీశాడు, చూశాడు, నా సంచిలోంచి గుడ్డ తీసి కట్టు కట్టాడు, మూసేశాడు, బురద కనపడకుండా మెట్టు కడిగాడు. అంటే మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే నా గోడలు పగలగొట్టాడు. తెలిసే నా మొగుణ్ణి నా ముందు దోషిని చేసి నిలబెట్టాడు. ఏడుపు రాలేదు.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేయబోయి, బురద చెయ్యని వెనక్కి తీసుకున్నారు. "ముందు లోపలికెళ్లి కూర్చో," అన్నారు.

నేను కూర్చోలేదు. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే అన్నయ్య ఇంటికి నడిచాను.

వదిన వాకిట్లోనే ఎదురొచ్చింది. "అయ్యో, ఆ చేతులేంటి! రా, పెరట్లో కడుక్కుందువు గాని."

పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాను. నాకు కొత్త చోటు కాదు. వచ్చినప్పుడల్లా కాళ్లు కడుక్కునేది అక్కడే. కుళాయి తిప్పబోతూ ఆగాను. మట్టిలోంచి పైకి లేచిన పైపు మీద పొడుగునా నీలం చార. ఎండకి కాస్త వెలిసిపోయింది, అంతే. ఇన్నేళ్లుగా నా కళ్ల ముందే ఉంది.

అన్నయ్య లోపల్నుంచి వచ్చాడు. నా చేతిలో గుడ్డ చూశాడు. వెంటనే వదిన వైపు తిరిగి, "నువ్వు లోపలికెళ్లు," అన్నాడు.

"ఉండనీ అన్నయ్యా, వదినక్కూడా తెలియాలిగా. ఈ పైపు నాదేనా?"

"నీది నాది అని వేరే ఏముంది చెల్లీ..."

"నాదేనా కాదా?"

"ఆ రోజుల్లోనే మాకూ పైపు వెయ్యాల్సొచ్చింది. మీ వదిన వాళ్లవాళ్లు వస్తున్నారని తొందర. చుట్ట పెద్దదే కదా, రెండిళ్లకీ సరిపోతుందనుకుని ముందు ఇక్కడ కోసేశా. అక్కడికొచ్చేసరికి తగ్గింది. చేతిలో ఉన్న ముక్క వేసేశా. తర్వాత మారుద్దామనే అనుకున్నా, ఇంతలో మీరు గచ్చు చేయించేశారు."

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా. ఇంకో చుట్ట తెచ్చుకునేవాళ్లం కదా."

"ఒంటిముక్కకి పైపు తగ్గిందంటే నవ్వరూ?"

"సరే, అప్పుడు చెప్పలేదు. మొన్న మెట్టు తీసినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"అది మామూలు అతుకు కాదు చెల్లీ, లావులు వేరు. బాగు చెయ్యాలంటే నీ గది నేలంతా లేపాలి. అప్పుడు అందరికీ తెలుస్తుంది. పైనుంచి కొత్తది వేసేస్తే ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నా."

"మా ఆయన ఏం చేశారు నిన్ను?"

అన్నయ్య నేలచూపులు చూశాడు. "నీకు నిజం చెప్తే నువ్వు సర్దుకుంటావు, నాకు తెలుసు. బావ ఊరుకోడు. బావ మీద పెడితే... మీ ఇద్దరూ మొగుడూ పెళ్లాలు, సాయంత్రానికి మళ్లీ మాట్లాడుకుంటారుగా అనుకున్నా."

వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కొట్టాలనిపించింది. నిజంగానే, ఆ బురద గుడ్డతో మొహం మీద కొట్టాలనిపించింది. పైపు తగ్గిందని అతుకు వేశాడు, పోనీ. పరువు కోసం దాచాడు, అదీ పోనీ. కానీ నేను తననే నమ్ముతానని తెలిసి, ఆ నమ్మకాన్నే తీసుకుని నా ఇంట్లో నా మొగుడి మీద వాడుకున్నాడు. పైపు లాగే అది కూడా చెల్లెలిదే కదా, తీసుకుంటే ఏమవుతుంది అనుకున్నాడేమో.

"రేపు పొద్దున్నే నేనే వస్తా," అన్నాడు. "కొత్త చుట్ట, ఒకటే ముక్క. ఎవరికీ తెలియనివ్వను చెల్లీ."

నేను చేతులు కడుక్కోకుండానే వచ్చేశాను.

మా వాకిట్లో పక్కింటి టీచరమ్మ గోడ మీంచి గుంట చూస్తోంది. "గుంజ వల్ల కాదండీ. మా ఆయన తప్పు ఇసుమంతైనా లేదు. నేనే నోరు పారేసుకున్నాను," అని ఆవిడకి వినపడేలా, లోపలున్న మనిషికీ వినపడేలా చెప్పాను. మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. "సర్లే, ఏమన్నాడు మీ అన్న?" అన్నారు. అన్నీ చెప్పాను. సాయంత్రానికి మాట్లాడుకుంటారుగా అన్న మాట ఒక్కటే చెప్పలేకపోయాను. చెప్తే మా ఆయన ఇంకెప్పుడూ ఆ మొహం చూడరనిపించింది. పక్క వీధికి వెళ్లి ప్లంబర్ని రేపు రమ్మని చెప్పి రండి అన్నాను.

"జిగురు డబ్బానా?"

"ఆయనకో పేరుంటుందిగా. కనుక్కుని పిలవండి."

మర్నాడు పొద్దున ఆ ప్లంబరు వచ్చి, గుంటలోకి దిగి, అతుకు చేతిలో పట్టుకుని చూశాడు. మొహం వెలిగిపోయింది. వెలగదా మరి, ఇన్నేళ్లుగా ఆ పేరు మోసిన మనిషి! మెట్టు తీసి గుంట తవ్వారని తెలిసి ఇరుగుపొరుగు నలుగురూ అప్పటికే గోడ దగ్గర మూగారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర అన్నయ్య కనపడ్డాడు. భుజానికి కొత్త పైపు చుట్ట. నీలం చార. గుంటలో ఉన్న మనిషిని చూసి అక్కడే ఆగిపోయాడు.

ప్లంబరు అన్నయ్యని చూశాడు, నన్ను చూశాడు, గొంతు పెంచి అందరికీ వినపడేలా అడిగాడు. "ఏమ్మా, మట్టి కింద సైకిలు ట్యూబుతో అతుకు! ఎవరి పనమ్మా ఇది? మీ అన్నయ్యదేనా?"

అన్నయ్య నా కళ్లలోకి చూశాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి, నాన్నకి చెప్పొద్దని చూసే చూపే అది. అప్పుడు నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు వాడి పేరు, వాడి బిరుదు, వాడి తిండి అన్నీ నా నాలుక మీద ఉన్నాయి. ఒక్క మాటంటే చాలు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అనాలనే ఉంది. నా ఒంట్లో ప్రతి నరం అనమనే చెప్తోంది.

"కాదు," అన్నాను. "మా అన్నయ్య మట్టి కింద అతుకు పెట్టడు. ఇది ఎవరో వేశారు."

అన్నయ్య మొహంలోకి కళ తిరిగొచ్చింది. తేలిక పడ్డాడు, నవ్వబోయాడు కూడా. నేను అలాగే చూస్తున్నాను. ఎవరో వేశారన్న మాట అప్పుడు లోపలికి దిగినట్టుంది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మా ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, "సరే గానీ మేస్త్రీ, ఎవరు వేస్తేనేం, ముందు పని మొదలుపెట్టండి," అని ప్లంబర్ని తొందరపెట్టారు.

నేను లోపలికెళ్లి మిషను పక్కనున్న సంచి తీశాను. చువ్వ తుడిచి అందులో పెట్టాను. గేటు దగ్గరికి తీసుకెళ్లి అందించాను.

"ఉండనీ చెల్లీ, మళ్లీ వస్తాగా," అన్నాడు మెల్లగా.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చుట్ట గేటు పక్కన దించబోతే, "అది కూడా తీసుకెళ్లు. మాకు మేస్త్రీగారు తెస్తారు," అన్నాను.

చుట్ట మళ్లీ భుజానికెత్తుకున్నాడు. రెండో చేత్తో సంచి అందుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లలో మా ఇంటి గుమ్మంలో ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"వెళ్లొస్తానమ్మా."

"మంచిది," అని గేటు వేశాను.